రెండో సంచిలోని ఊపిరి

నా అక్షరదోషాలను, నిదానాన్ని మన్నించండి. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని.

మంగళవారం పొద్దున మణికొండలోని డిటెక్టివ్ వాసంతి ఆఫీసుకు రోహిణి వచ్చింది. మెడలో కంపెనీ కార్డు, చేతిలో ల్యాబు కాగితం.

"మేడం, మా ఆడబిడ్డ పింకీకి కిడ్నీలు చెడిపోయినయ్. మా ఆయన ఓంకార్ ఒకటి ఇస్తనన్నడు. సోమవారం ఆపరేషన్. ఊపిరి పరీక్షల ఆయనకు చక్కెర రోగమున్నట్టు వచ్చింది, ఇగ ఆయనది పనికిరాదంటున్నరు. మొగుని కిడ్నీ పోవద్దని ఆయన బదులు నేనే సంచిలో ఊదిన్నని మా అత్తమ్మ తిడుతుంది."

వాసంతి సహాయకుడు నర్సయ్య రిటైరైన హెడ్ కానిస్టేబుల్. ఆమె ప్రశ్నలు వేసే తీరంటే అతనికి ముచ్చట. ఈసారి మాత్రం వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. ఆరు రోజులే గడువు.

"పరీక్ష ఎలా చేస్తారండీ?" అడిగింది వాసంతి.

"సూది ఉండదు మేడం. మూడు రోజులు అన్నమే తిని, ఒక సంచిలో ఊదాలె. మొక్కజొన్న చక్కెర నీళ్లు తాగి కొంతసేపైనంక ఇంకోదాంట్ల ఊదాలె. ఆ రెండో సంచి ఊది నా చేతికిచ్చి ఆయన బయటికి పోయిండు, అందుకే అత్తమ్మకు అనుమానం."

"ఆ మూడు రోజులూ మీరేం తిన్నారు?"

"క్యాంటీన్ల పెరుగన్నం. నాకు షిఫ్టు, ఆయన వాళ్లమ్మ దగ్గర తిన్నడు."

ల్యాబు కాగితంపై రెండు సంచులకూ రెండు అంకెలు. రెండూ ఎక్కువే, రెండూ దాదాపు సమానం.

వాళ్లు ఖాజాగూడ ఇంటికి వెళ్లేసరికి రోహిణి అత్త భూలక్ష్మి పొయ్యి ముందు రొట్టె తడుతోంది. మంచం మీద పింకీ, ముఖమంతా వాపు.

"నా కొడుక్కు చక్కెర ఎట్లొస్తది అన్నా?" అంది భూలక్ష్మి నర్సయ్యతో. "చిన్నప్పటి సంది నా చేతి జొన్నరొట్టెనే తింటడు. ఇదంత కోడలి పని!"

వాసంతి ల్యాబుకు ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడింది. తర్వాత ఓంకార్‌తో సహా అందరినీ కూర్చోబెట్టింది.

"తిండిలో ఉండే కార్బన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలున్నాయండి. కాగితం మీది అంకెలు బరువుదాని కొలత. అన్నం తినేవాళ్ల ఊపిరిలో బరువుది తక్కువ. మొక్కజొన్నలో ఎక్కువ. అందుకే ఆ చక్కెర ఒంట్లో సరిగ్గా ఖర్చయితే రెండో అంకె పెరుగుతుంది, రోగముంటే అంతగా పెరగదు. అన్నం తిన్న రోహిణి ఊదితే రెండో అంకె కిందికి పడాలి. పడలేదు. ఆ ఊపిరి ఓంకార్‌దే."

"అయితే రోగం నిజమేనా?" అడిగింది పింకీ.

"అసలు మొదటి అంకే ఎందుకంత ఎక్కువ? జొన్న కూడా మొక్కజొన్న లాంటిదేనండి; అది తింటే మొదటి అంకే ఎక్కువై, తర్వాతి పెరుగుదల కనబడదు. పిన్నిగారూ, ఆ మూడు రోజులూ ఏం పెట్టారు?"

భూలక్ష్మి చేతిలో పిండి ముద్ద ఆగిపోయింది.

"చక్కెర పరీక్షకు అన్నం తినుమంటరా ఎవరన్న? షుగరున్నోళ్లకు డాక్టర్లే రొట్టె తినుమంటరు గదా! పరీక్ష మంచిగ రావాలె, బిడ్డ బతకాలె అని... నేనే జొన్నరొట్టె పెట్టిన."

"రొట్టె మంచిదే గదా అనుకున్న," అన్నాడు ఓంకార్ తల వంచుకుని.

"నన్ను తిడుతుంటే గూడ నీకు యాదికి రాలేదా?" అంది రోహిణి.

బుధవారం నుంచి మూడు రోజులు అతనికి మూడు పూటలా అన్నమే. రోహిణి సెలవు పెట్టి ఎదురుగా కూర్చుని తినిపించింది. అయినా నిజంగానే రోగముంటే? నర్సయ్య ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకున్నాడు.

శనివారం పొద్దున మళ్లీ పరీక్ష. మధ్యాహ్నం వాసంతి ఫోన్ మోగింది. రోహిణి నంబరు, పింకీ గొంతు.

"మేడం, రెండో అంకె పెరిగిందంట, అన్నకు రోగం లేదంట! సోమవారమే ఆపరేషన్. మా వదిన ఏడుపు ఆపుత లేదు, మా అమ్మ ఆమె చేయి ఇడుస్త లేదు. జర ఏడ్వద్దని మీరే చెప్పుండ్రి."

— అమ్మణ్ణి, 68 ఏళ్లు, ఇప్పుడు ఉంటున్నది మియాపూర్