మైనం పూసిన అంచు

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. చెక్కపొడి, పాత ప్లాస్టిక్ కలిపి చేసే పలకలను ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పరీక్షించి రిటైరైన పెద్దాయన, చెవులు సరిగా వినపడని ఆయన అక్క, పొద్దున్నే కారు దిగిన కూతురు, బీపీ చూసే నర్సు. నర్సు నర్సు కాదు. ఏజెంట్ పదకొండు.

మూడు వారాల కిందట చీఫ్ రెండు ముక్కల్లో బ్రీఫింగ్ ముగించాడు. పాతికేళ్ల గ్యారంటీ అని దొంగ రిపోర్టు చూపించి, విదేశీ ముఠా ఒకటి ఆ పలకలతో స్కూలు పిల్లల వంతెన కట్టించింది. అవి లోపల కుళ్లుతాయనడానికి సాక్ష్యం ఒక్కటే. పెద్దాయన మేడ మీద ఎనిమిదేళ్లుగా ఎండకీ వానకీ పడి ఉన్న మూరెడు పలక. దాన్ని కాపాడాలి. ఎత్తుకుపోయేవాళ్లను పట్టుకోవాలి. వంతెన ప్రారంభం ఈ రోజు పదింటికి.

కూతురు డబుల్ ఏజెంట్. ఉద్యోగం ముఠాలో, రహస్యాలు చీఫ్‌కి. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు, భుజాన పెద్ద తోలు బ్యాగు. గుమ్మంలోనే కోడ్ చెప్పింది. పదకొండు నమ్మి ఆమెను మేడ మీదికి పోనిచ్చింది.

తొమ్మిదిన్నరకు పెద్దాయన రోజూలాగే పలక చూసుకోవడానికి పైకెక్కాడు. రంగు అదే, పగుళ్లు అవే. కోసిన అంచు మీద వేలు పెట్టి ఆగిపోయాడు. నున్నగా మైనం తగిలింది.

ల్యాబ్‌లో అంచులు నీళ్లు పీల్చకుండా మైనం పూసి పరీక్షిస్తారు. అందుకే అక్కడ అన్నీ పాసవుతాయి. వంతెన దగ్గర వడ్రంగి కోసి అలాగే వదిలేస్తాడు. మేడ మీది పలకనూ పెద్దాయన అలాగే వదిలేశాడు.

"ఇది నాది కాదమ్మా," అన్నాడు నర్సుతో. "మైనం ఇంత నున్నగా పూయడం నేను ఒక్కరికే నేర్పాను. ఏడో క్లాసు సెలవుల్లో."

పదకొండు పరుగెత్తింది. కింద కారు అప్పుడే కదులుతోంది. థర్మామీటర్‌లో దాచిన సూది బాణంలా వెళ్లి టైరులో దిగింది. తోలు బ్యాగులో అసలు పలక దొరికింది. అంచులో స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగి, నల్లటి నీరు కారింది. ఫొటో చీఫ్‌కి వెళ్లింది. రిబ్బను మీద కత్తెర పెట్టాక, తొమ్మిదీ యాభై తొమ్మిదికి, ప్రారంభం ఆగింది.

చీఫ్ పంపిన జీపు ఎక్కుతూ కూతురు తండ్రి వైపు చూడలేదు.

"పిల్ల కాఫీ అయినా తాగకుండా పోతోందేంట్రా?" అని అక్క అడిగింది.

పదకొండు తన సామాను కోసం గుమ్మం దాకా వచ్చింది. "బాబాయ్, మాత్ర వేసుకోండి."

"నేను నర్సుతో చెప్పుకున్నానమ్మా," అన్నాడాయన. "నీతో కాదు."

సామాను బయటపెట్టి తలుపు మూసేశాడు. టేకు తలుపు. ఇంకో యాభై ఏళ్లు ఢోకా లేదు.