చీటీ మీద ఒకే మాట

తెల్లారి మగ్గం చప్పుడు మొదలయ్యేసరికే రామవ్వ రెండు పొయ్యిలూ వెలిగించింది. ఒకదాని మీద ఇంటిల్లిపాదికీ వంట, రెండోదాని మీద అత్త కొమురవ్వకు జావ. ఇలా వేరుగా వండటం ఇది అయిదో రోజు. కొమురవ్వ పళ్లెం వేరు, చెంబు వేరు. పడక కూడా పెరట్లోని కట్టెల కొట్టంలోకి మారిపోయింది. కొట్టం గుమ్మానికి వేపమండలు వేలాడుతున్నాయి.

దీనంతటికీ కారణం ఒక చీటీ.

ఇరవై రోజులు జ్వరంతో పడి ఉన్న కొమురవ్వను సిద్దిపేట చివర మిషన్ దవాఖానలో డాక్టర్ దొరసాని నయం చేసి పంపింది. పంపేటప్పుడు కొడుకు రాజమల్లయ్య చేతిలో ఒక చీటీ పెట్టి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆమె మాటను తెలుగులో చెప్పే నర్సు సుమిత్రమ్మ ఆ రోజు ఊళ్లో లేదు. అర్థమైనట్టు తలూపి వచ్చేశాడు రాజమల్లయ్య. దారిలో బట్టల దుకాణం గుమాస్తా యాదగిరికి ఆ చీటీ చూపించాడు. యాదగిరి పట్నంలో రెండేళ్లుండి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చిన మహానుభావుడు. పైన పేరు, కింద సంతకం, మధ్యలో ఒకే ఒక్క మాట.

"కన్... వ... లసెంట్," అని చదివి కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"అంటే ఏందన్నా?"

"నాకెర్క లేదు గని రాజమల్లూ, గింత పొడుగు పేరున్న రోగం చిన్నది గాదు. ఇంట్ల పసిబిడ్డ ఉన్నది గదా, జర పైలం."

అంతే, ఆ మాట ఇంట్లోకొచ్చి కూర్చుంది. అందరికంటే ఎక్కువ భయపడింది కొమురవ్వే. వెనకటి కలరా గత్తరలో ఒకే వారంలో ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్న తల్లి ఆమె. ఎవరూ చెప్పకముందే చాప చుట్టుకుని కొట్టంలోకి వెళ్లిపోయింది. ఆరు నెలల మనవరాలు ఏడిస్తే కొట్టం గుమ్మం దగ్గర నిలబడి దూరం నుంచే జోల పాడేది. అది చూసి రామవ్వ కళ్లు తుడుచుకునేది. అయినా నాలుగు రోజులు తనూ బిడ్డను అటు తీసుకెళ్లలేదు. అబద్ధమెందుకు, ఆమెకూ భయమే.

ఆ పొద్దున జావ అందించబోతే కొమురవ్వ పళ్లెం కింద పెట్టమని దూరం నుంచే సైగ చేసింది.

"బిడ్డా, నేను కొండపాకకు మా తమ్మునింటికి పోత. బండి మాట్లాడమని నా కొడుక్కు చెప్పు."

"ఆడ నిన్ను చూసేటోళ్లెవలు అత్తా? మీ తమ్ముని పెండ్లామే మంచంల ఉన్నది గదా."

"చూసేటోళ్లు లేకున్నా మంచిదే. ఈ బిడ్డకేమన్న అయితే నేను బతికి ఏం లాభం?"

రామవ్వ నేరుగా మగ్గం గుంట దగ్గరికి వెళ్లింది. "ఏమయ్యా, అవ్వ పోతనంటుంది. పంపుతవా?"

రాజమల్లయ్య చెయ్యి ఆపలేదు. "పసిదాని మొఖం చూడొద్దా? బండికి చెప్త. పగటి బువ్వ యాళ్లకొస్తది."

"గా మాటకు అర్థం ఒక్కలకన్న తెలుసా మనింట్ల?"

"తెల్వకనే గదనే భయం!"

"తెల్వకుంటే అడగాలె. తల్లిని పంపుతరా?"

రామవ్వ చీటీ కొంగున కట్టుకుని, బిడ్డను చంకనేసుకుని దవాఖాన దారి పట్టింది.

నర్సు సుమిత్రమ్మ అప్పటికి తిరిగొచ్చింది. వరండాలో బ్యాండేజీ గుడ్డలు మడతపెడుతూ చీటీ చూసి నవ్వింది.

"ఇది రోగం పేరు గాదమ్మా. రోగం పోయింది, బలం ఇంకా రాలే. గా నడుమ ఉన్న మనిషిని గట్లంటరు. నువ్వు బాలెంతవైనప్పుడు నీకు రోగమున్నదా?"

"లేదు."

"మరి నీళ్లు మోసినవా? మగ్గం పని చేసినవా?"

"మా అత్త మంచం దిగనియ్యలే."

"గట్లనే అనుకో. మా దొరసాని గా మాట ఎట్ల అంటదో చెప్త ఇను. 'ఈమె కన్వలసెంట్, పాలియ్యండి.' 'ఈయన కన్వలసెంట్, పని చెప్పకండి.' 'కన్వలసెంట్‌ను ఒంటిగ పండబెట్టకండి, దిగులు పడ్తరు.' గా మాట వచ్చిందంటే దాని యెనుక ఒక మంచి పని రావాలె."

"మరి బిడ్డకు అంటుకోదా?"

"అంటుకునేటట్టుంటే ఇంటికి పంపుదుమా? సబ్బుతోని చేతులు కడుక్కొని ఎత్తుకొమ్మను."

ఎక్కడ మరిచిపోతానోనని దారి పొడుగునా ఆ మాట అనుకుంటూ పరుగులాంటి నడకతో ఇల్లు చేరింది రామవ్వ. బండి వాకిట్లో ఉంది. మూటతో బండిలో కూర్చున్న కొమురవ్వ, తన ఊపిరి ఎవరికీ తగలకుండా మూతికి కొంగు అడ్డం కట్టుకుంది. రామవ్వ ఆమె చేతులు సబ్బుతో కడిగి, వద్దనేలోపే బిడ్డను ఒళ్లో పెట్టేసింది.

"ఓ పిచ్చిదానా! తియ్యి, తియ్యి!" కొమురవ్వ కేక పెట్టింది.

"నీకు మతి ఉన్నదా?" రాజమల్లయ్య ఉరికొచ్చాడు.

"ఉన్నది గనే అడిగొచ్చిన. అవ్వకు రోగం లేదు. పోయింది. కన్వలసెంట్ అంటే ఇంకా బలం రాని మనిషి. పక్కన కూసోని పాలు తాగియ్యాలె. మనం కట్టెల కొట్టంల పెట్టినం! గా దినం దొరసానిని అడగనీకి నీకెందుకు నోరు రాలే?"

రాజమల్లయ్య మొహం వాడిపోయింది. "సిగ్గైంది. నలుగుర్ల తెల్వదని ఎట్ల చెప్పాలె అనుకున్న," అంటూ బండి పక్కనే కూలబడి తల్లి కాళ్లు పట్టుకున్నాడు. "తప్పైంది అవ్వా."

కొమురవ్వ కొడుకు వంక చూడలేదు. బిడ్డ ఆమె మూతికున్న కొంగును లాగుతోంది. ఆమె మనవరాలిని గుండెకు అదుముకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"నాకోసం గంత దూరం పోయినవా బిడ్డా? నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె?"

"ఏం రుణం అత్తా? నేను బాలెంతగ ఉంటే నలభై దినాలు నన్ను నూలు కండె ముట్టనియ్యలే నువ్వు. పని ఆగుతుందని నీ కొడుకంటే ఆయన మీదికి కొట్లాటకు పోయినవ్. గప్పుడు నీకు ఇంగ్లీషు వచ్చునా? మాట తెల్వకనే పని చేసినవ్. నాకు మాట తెలిసినంక గాని పని తెల్వలే."

బండి ఖాళీగా వెళ్లిపోయింది. వేపమండలు పొయ్యిలోకి పోయాయి.

రెండు నెలలకు కొమురవ్వ మళ్లీ రాట్నం ముందు కూర్చుంది. ఆ మాట మాత్రం వదలలేదు. ఈనిన ఆవు కన్వలసెంట్, వేలు తెగిన కొడుకు కన్వలసెంట్. దసరా పోయాక యాదగిరి జ్వరం పడి లేచాడని తెలిసి, మనవరాలిని చంకనేసుకుని పాల చెంబుతో వెళ్లింది. ఆమెను చూసి అతను సిగ్గుతో లేవబోయాడు.

"లేవకు. నువ్వు కన్వలసెంట్‌వి."

"నా మాట వల్లనే గదా అవ్వా, నువ్వు కొట్టంల..."

"నువ్వు చదివితేనే గదా గా మాట మా ఇంట్లకొచ్చింది. గా మాటతోనే నా కోడలు మనసు నాకు తెలిసింది," అంది కొమురవ్వ, అతని మంచం మీదే కూర్చుంటూ. "తాగు కొడుకా, సల్లారుతుంది."