ఫిర్దౌస్ పెట్టని సంతకం

“జర సంతకం పెట్టుండ్రి మేడమ్. చదువు లోన్ల మాఫీ కోసం.”

ఫిర్దౌస్ ఫోన్‌లోంచి తలెత్తింది. ఎదురుగా ఒక పొడుగాటి కుర్రాడు, చేతిలో అట్ట, దాని మీద కాగితాలు. డోర్నకల్ నుంచి వచ్చే ప్యాసింజర్ రైలు అప్పుడే మహబూబాబాద్ దాటింది. సోమవారం పొద్దున కావడంతో పెట్టెలో కాలు పెట్టే సందు లేదు. అంత రద్దీలోనూ అతను నవ్వుతూనే ఉన్నాడు.

“పెట్టను,” అంది.

“ఒక్కసారి చదువుండ్రి.”

“చదివిన. పెట్టను.”

“ఎందుకో చెప్తరా?”

“నా లోన్ నేను కట్టేసిన కాబట్టి. జీతం పడ్డ రోజే బ్యాంకు గుంజుకునేది. దోస్తులందరు గోవా పోతే నేను హాస్టల్ల పండుకొని వాళ్ల ఫోటోలకు లైకులు కొట్టిన. ఇప్పుడు మాఫీ అంటే, కట్టినోళ్లు పిచ్చోళ్లా?”

పక్కవాళ్లు చెవులు రిక్కించారు. కుర్రాడు మాత్రం కంగారుపడలేదు.

“మీరేం జాబ్ చేస్తరు?”

“జనగామల ఫిజియోథెరపిస్టును.”

“అంటే నొప్పి తగ్గించే పని! మీరే అందరికీ నొప్పి ఉండాలె అంటే ఎట్ల?”

“నొప్పి తగ్గాలంటే ఎవరి ఎక్సర్‌సైజ్ వాళ్లే చెయ్యాలె భయ్యా. పక్కోడు చేస్తే తగ్గది.”

పెట్టె అంతా నవ్వింది. ఎర్రటి మిర్చి బస్తా మీద కూర్చున్న మోతీబాయి అనే తండా ఆమె చేయి ఊపింది. “నన్నడుగుండ్రి బిడ్డా. పంట లోన్ మాఫీ అయినప్పుడు మాది పోయింది. మా పక్కింటాయన దానికి ముందే పైసలన్ని కట్టిండు. గప్పటి సంది నాతోని మాట్లాడుతలేడు!”

“చూసినవా?” అంది ఫిర్దౌస్.

“మరి మీరు ఆయనకు ఏమన్న చెప్పిండ్రా అవ్వా?” అని అడిగాడు కుర్రాడు.

“ఏం చెప్తం? మా తప్పు కాదు, ఆయన తప్పు కాదు,” అంది మోతీబాయి.

అంతలో ఫిర్దౌస్ ఫోన్ మోగింది. “హౌ అమ్మీ, నాష్తా కర్లీ,” అని చెప్పి పెట్టేసింది. కుర్రాడి నవ్వు ఇంకా వెడల్పయింది.

“మా అమ్మీ కూడ గంతే. నాష్తా చేసిన్నని చెప్పేదాక ఇడిసిపెట్టది. నా పేరు యాసర్, మాది జనగామ. ఆదివారం లైబ్రరీ హాల్ల దీని మీదనే చర్చ పెట్టినం. వద్దనేటోళ్లు ఒక్కరు కూడ దొరుకుతలేరు. మీరొచ్చి గిదే మాట మైకుల చెప్తరా?”

“చెప్తే తిడ్తరా?”

“నేనైతే తిట్ట. మిగిలినోళ్ల సంగతి నాకెర్కలే.”

వెళ్లకూడదనే అనుకుంది ఫిర్దౌస్. కానీ ఆదివారం సాయంత్రం నీలం రంగు దుపట్టా సవరించుకుంటూ హాల్లో మొదటి వరుసలోనే కూర్చుంది.

యాసర్ బాగా మాట్లాడాడు. పెద్ద కంపెనీల అప్పులు పక్కన పెట్టేసినప్పుడు అది న్యాయమా అని ఎవరూ అడగరని, ఊళ్లో పిల్ల చదువు దగ్గరికి వచ్చేసరికే అందరికీ న్యాయం గుర్తొస్తుందని అన్నాడు. చప్పట్లు మోగాయి. ఫిర్దౌస్ కూడా కొట్టబోయి ఆపుకుంది.

తర్వాత తను లేచింది.

“నా లోన్ నేను కట్టిన. వేరేవాళ్ల అప్పు నేనెందుకు మొయ్యాలె? మా గల్లీల లోన్‌కు భయపడి చదువు ఇడిసిపెట్టి బట్టల షాపుల నిలబడ్డ పిల్లలున్నరు. లోన్ తీసుకొని చదివినోళ్లకు మాఫీ ఇస్తరు. మరి వాళ్లకేమిస్తరు? మీ కాగితంల వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.”

“నీకు జాబున్నది కదా, కూసో!” వెనక నుంచి ఎవరో అరిచారు. ఇంకో ఇద్దరు ఈల వేశారు.

యాసర్ లేచి మైకు అందుకున్నాడు. “ఆమెను నేను పిలిచిన. ఆమె మాట అయిపోకముందు ఎవరన్న అరిస్తే నేను స్టేజీ దిగి పోత. మాఫీ మీరే అడుక్కోండ్రి.”

ఈలలు ఆగాయి. ఫిర్దౌస్ తన మాటలు పూర్తి చేసింది. కాకపోతే చివరి రెండు వాక్యాలు ఏం మాట్లాడిందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

చర్చ నడిపిస్తున్న రిటైర్డ్ లెక్చరర్ అమర్‌సింగ్ సార్‌కు అది తెగ నచ్చింది. “మీరిద్దరు కొట్లాడుతుంటే జనం లేస్తలేరు. భూపాలపల్లిల, మానుకోటల కూడ పెడదాం,” అన్నారు. మహబూబాబాద్‌ను ఇప్పటికీ పాతపేరుతోనే పిలుస్తారాయన.

భూపాలపల్లికి ఒకే బస్సులో వెళ్లారు. పరకాల దాటగానే వాన అందుకుంది. కిటికీ అద్దం సగం వరకే మూసుకుంటోంది. జల్లు ఫిర్దౌస్ భుజం మీద పడుతుంటే యాసర్ తన సీటు ఆమెకిచ్చి కిటికీ పక్కకు మారాడు.

“అప్పోజిషన్‌కు ఇంత సేవనా?” అంది.

“మీకు జలుబు చేస్తే నేనెవరితోని కొట్లాడాలె?”

“మీరు మీరు అనుడు ఆపు. నీకంటే చిన్నదాన్నే.”

“నువ్వు కూడ భయ్యా అనుడు ఆపు మరి.”

ఫిర్దౌస్ అవతలి వరుస కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. అద్దంలో ఆ నవ్వు అతనికి కనిపిస్తోందని ఆమెకు తట్టలేదు.

భూపాలపల్లిలో బొగ్గు గనుల కార్మికుల కాలనీ దగ్గర సభ. చర్చ వేడి మీద ఉండగా జనంలోంచి నగేశ్ అనే యువకుడు లేచాడు. “యాసర్, ఊరందరి సంగతి చెప్తున్నవ్. మన కాలేజీ సంగతి ఎందుకు చెప్తలేవ్రా?”

యాసర్ ముఖం వాడిపోయింది. “గది ఇప్పుడొద్దు నగేశ్.”

నగేశ్ వినలేదు. తనూ యాసర్ హైదరాబాద్ శివార్లలో ఒకే ఇంజినీరింగ్ కాలేజీలో చేరామని చెప్పాడు. మూడో ఏడాది మధ్యలో యాజమాన్యం కాలేజీ మూసేసిందట. వేరే కాలేజీలో సీటు రాలేదు. చేతికి డిగ్రీ రాలేదు. లోన్ మాత్రం వడ్డీతో సహా పెరుగుతూనే ఉంది. యాసర్ ఇప్పుడు ఇళ్ల మీద సోలార్ పలకలు బిగిస్తూ, లేని డిగ్రీకి కిస్తీలు కడుతున్నాడు.

తిరుగు ప్రయాణంలో ఫిర్దౌస్ వేరే సీట్లో కూర్చుంది. పరకాల బస్టాండ్‌లో యాసర్ చాయ్ తెచ్చిచ్చినా ముఖం తిప్పుకుంది.

“కోపమా?” అన్నాడు.

“ఇన్ని రోజుల సంది నాతోని కొట్లాడుతున్నవ్. ఒక్కసారన్న చెప్పాలె అనిపియ్యలేదా? రైల్లనే చెప్తే సంతకం పెడ్తుంటి.”

“అందుకే చెప్పలే. నా మీద జాలితోని పెడ్తవ్. నా మాట నిజమని పెట్టవ్. నాకు జాలి సంతకం వద్దు.”

ఆమె చాయ్ అందుకుంది. రెండు గుక్కలు తాగాక గొంతు మెత్తబడింది.

“నీ మాట సగం నిజం. నీ లెక్క మోసపోయినోళ్లకు మాఫీ చెయ్యాలె. అది దయ కాదు, న్యాయం. గానీ మంచి జీతాలున్నోళ్లు కూడ అదే లైన్ల నిలబడితే నాకు మండుతది.”

“నీది కూడ సగం నిజమే. కట్టినోళ్లను, అసలు చదువే దొరకనోళ్లను మేము మర్చిపోయినం. ఇద్దరం కలిసి మల్ల రాద్దామా?”

రాశారు. బస్సు కుదుపుల్లో, ఫోన్‌లో, ఒక్కో మాటకూ పోట్లాడుకుంటూ. కాలేజీ మూతపడ్డవాళ్లకు పూర్తి మాఫీ. జీతం తక్కువ ఉన్నవాళ్లకు వడ్డీ మాఫీ. పేదింటి పిల్లలకు అసలు లోన్ అవసరమే లేని ఫీజులు. క్రమం తప్పకుండా కట్టినవాళ్ల ఇంట్లో తర్వాత చదివే పిల్లలకు తక్కువ వడ్డీ. చివరి పంక్తి ఫిర్దౌస్‌ది. మర్నాడు ప్రింటు తీశాక మొదటి సంతకం కూడా ఆమెదే.

ఆ తర్వాత వారం యాసర్ ఫోన్ చేయలేదు. మెసేజ్ పెడితే పొడి పొడిగా జవాబిచ్చాడు. ఓపిక పట్టలేక అతను పని చేస్తున్న ఇంటికే వెళ్లింది ఫిర్దౌస్. డాబా మీద ఎండలో పలక బిగిస్తున్నాడు.

“దిగు,” అంది కింది నుంచి.

దిగాడు. చెమట తుడుచుకుంటూ నేల చూశాడు. “నువ్వంటే నాకిష్టం ఫిర్దౌస్. గానీ నాకు లోనుంది. వేరేవాళ్ల అప్పు నేనెందుకు మొయ్యాలె అని నువ్వే మైకుల అన్నవ్.”

“వేరేవాళ్లది అన్న. నీది అనలే.”

అతను తల ఎత్తాడు. ఆమె కళ్లలో నీళ్లు ఉన్నాయి, నవ్వూ ఉంది.

ఒప్పుకోనిది ఆమె తండ్రి మాజిద్. మహబూబాబాద్‌లో చిన్న టైలరింగ్ షాపు ఆయనది. కూతురి లోన్ తీరిన రోజు గల్లీ అంతా మిఠాయి పంచిన మనిషి. విషయం వినగానే కత్తెర పక్కన పెట్టాడు.

“పిల్లగాడు మంచోడే అయితడు. గానీ ఒక లోన్ల నుంచి ఇప్పుడిప్పుడే బయటపడ్డవ్ బేటీ. ఇంకో లోన్‌ను నిఖా చేసుకుంటవా?”

“లోన్‌ను కాదు అబ్బా, మనిషిని.”

“మనిషిని నేను చూడలే కదా.”

“ఆదివారం ఇక్కడనే చర్చ ఉంది. వచ్చి చూడుండ్రి.”

వచ్చాడు. మహబూబాబాద్ సభలో వెనక వరుసలో, ఎవరికీ పరిచయం లేనట్టు కూర్చున్నాడు. ప్రశ్నల సమయం రాగానే లేచి మైకు అడిగాడు. స్టేజీ మీద ఫిర్దౌస్ సగం లేచి మళ్లీ కూర్చుంది.

“బాబూ యాసర్, మాఫీ చెయ్యకపోతే ఏం చేస్తవ్?”

జనానికి అది మామూలు ప్రశ్న. యాసర్‌కు మాత్రం ఆయన ఎవరో ఫిర్దౌస్ ముఖం చూడగానే తెలిసిపోయింది. నిటారుగా నిలబడ్డాడు.

“కడ్త చాచా. ఎన్నేండ్లు పట్టినా కడ్త. గానీ అన్యాయమైందని చెప్పుడు ఆపను.”

“నీ భార్య జీతం మీద పడ్తవా?”

“పడను. ఆమె ఒకసారి కట్టింది... అంటే, కట్టి ఉంటే, ఆమెతోని రెండోసారి కట్టియ్యుడు న్యాయం కాదు. ఒక్క రూపాయి అడుగ.”

ఫిర్దౌస్ ఇక ఆగలేదు. తన మైకు అందుకుంది. “గిది నేనొప్పుకోను! ఆమె ఇష్టంగ ఇస్తానంటే వద్దనుడేంది? ఇద్దరి ఇంట్ల ఇద్దరి బరువు ఉండదా?”

“ఉంటది. గానీ మోసపోయింది నేను కదా!”

“అయితే ఏంది? నువ్వు మోసపోతే నాకు నొప్పి లేదా?”

హాలు ఒక్క క్షణం చెవులు రిక్కించింది. తర్వాత ముందు వరుసలో ఆడపిల్లలు పకపకా నవ్వారు. ఆ నవ్వు వెనక వరుస దాకా పాకింది. అమర్‌సింగ్ సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఈ పాయింటు మన సబ్జెక్టుల లేదు. ఇంట్ల తేల్చుకోండ్రి,” అనేసరికి చప్పట్లతో హాలు దద్దరిల్లింది.

మాజిద్ మాత్రం నవ్వలేదు. సభ అయ్యాక మెట్ల దగ్గర నిలబడ్డాడు. బయట చినుకులు. యాసర్ వెళ్లి సలాం చేశాడు.

“చెయ్యని తప్పుకు కూడ కడ్తనంటున్నవ్. ఊకె కూసోకుండ అడుగుతున్నవ్ కూడ,” అన్నాడు మాజిద్. “రెండూ చేసేటోడు దొరకడు. శుక్రారం, జుమ్మా నాడు మీ అమ్మీని తీసుకొని ఇంటికి రా. బిర్యానీ ఏం ఉండది, బగారన్నం, దాల్చా. సరేనా?”

“సరే చాచా.”

“చాచా కాదు,” అన్నాడు పెద్దాయన, గొడుగు తెరిచి కూతురి చేతికిస్తూ. తను వానలోనే షాపు వైపు నడిచాడు.

చలికాలంలో నిఖా అయింది. అప్పటికి వాళ్లు రాసి ఇచ్చిన అర్జీ మీద పెద్ద నిర్ణయమేదీ రాలేదు. కాలేజీ మూతపడ్డవాళ్ల వడ్డీ ఆపుతామని, అసలు సంగతి కూర్చొని మాట్లాడదామని మాత్రం బ్యాంకు కబురు పంపింది. వలీమా విందులో నగేశ్ ఆ మాట చెప్పగానే పక్క టేబుల్ మీద ఎవరో అది న్యాయమా అన్నారు. ఇంకెవరో న్యాయమే అన్నారు. కాసేపట్లో షామియానా రెండు పార్టీలైంది.

“పోయి నీ వాళ్లకు సపోర్ట్ చెయ్యి,” అంది ఫిర్దౌస్, నవ్వాపుకుంటూ.

“ఇయాల సెలవు,” అన్నాడు యాసర్, ఆమె ప్లేటులో ఇంకొంచెం ఖుబానీ మీఠా వడ్డిస్తూ.