గుడ్డ తీయని గూడుపెట్టె

ఎగిరే ఉడుతలు కాపురం పెట్టడానికి తొర్రలున్న ముసలి చెట్లు ఆ అడవిలో కరువయ్యాయి. అందుకని కాండాలకు చెక్క గూడుపెట్టెలు బిగించారు. వాటిని చూసుకునే పని ఓ మొగుడూ పెళ్లాలది. మొగుడు నిచ్చెనెక్కేవాడు, పెళ్లాం కింద పట్టుకునేది. మూత తీసే ముందు పెట్టె కన్నంలో గుడ్డ కుక్కాలి, లేకపోతే ఉడుత దూకేస్తుంది. చూసి మూత వేశాక గుడ్డ పీకేయాలి. అంతే పని.

కిందటేడు ఒక పెట్టె దగ్గర తల్లి ఉడుత మూత సందులోంచి దూకి పారిపోయింది. పిల్లలు లోపలే ఉన్నాయి. మొగుడు మూత వేసి, గుడ్డ సంగతి మరిచి దిగిపోయాడు. మళ్లీ వచ్చేసరికి కన్నం చుట్టూ చెక్కంతా పళ్ల గాట్లు. మూత మీద తల్లి, లోపల పిల్లలు... అన్నీ చచ్చి ఎండిపోయి ఉన్నాయి. ఆ మహానుభావుడు అడవి శాఖ ఆఫీసరు ముందు ఏమాత్రం తడుముకోకుండా, "ఆ రోజు ఎక్కింది మా ఆవిడేనండీ" అనేశాడు. ఆమె ఉద్యోగం ఊడింది. నిచ్చెన పట్టుకోవడం మాత్రం తప్పలేదు, కాకపోతే ఇప్పుడది జీతం లేని చాకిరీ. ఆమె కడుపుమంట ఇంకా చల్లారలేదు.

ఆ సాయంత్రం చూడాల్సిన వాటిలో ఆ ఉడుతలు చచ్చిన పెట్టే ఆఖరిది. వెలుతురు తగ్గుతోంది. తడి నాచు వాసన వేస్తోంది.

"రేపు ఆఫీసరొస్తాడు. నిజం చెప్పెయ్యవయ్యా. నా పని నాకొస్తుంది," అంది ఆమె.

"నా పని పోతుంది. నోర్మూసుకుని పట్టుకో."

ఎక్కాడు. గుడ్డ కుక్కాడు. మూత కిర్రుమంది.

"ఏమే..." అతని గొంతు తగ్గింది. "లోపల వెచ్చగా ఉందే. చెయ్యి పెడితే... అడుగు తగలట్లేదు."

మూత టప్పున పడింది. ఆమె చేతుల్లో నిచ్చెన ఒక్కసారిగా తేలికైపోయింది. తలెత్తి చూస్తే ఆకులే కనిపించాయి.

కాసేపటికి పాదాలు మెట్లు దిగి వచ్చాయి. మొగుడు పక్కన నిలబడ్డాడు. ఊపిరి చిన్నచిన్నగా, గబగబా తీస్తున్నాడు.

"గుడ్డ తీశావా?"

అతను ముక్కెగరేసి గాలి వాసన చూశాడు.

అప్పుడు పైన, పెట్టెలో... గోకుడు. ఆ వెంటనే గుసగుస. మొగుడి గొంతే.

"తప్పు నాదే... అందరికీ చెప్తాను... గుడ్డ తియ్యవే..."

ఏడాదిగా ఆమె వినాలనుకున్న మాట అదే. విన్నాక ఏడుపు రావాలి. కోపం వచ్చింది. అయినా మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. పక్కనున్నవాడు ఆమె భుజం మీద మెత్తగా చెయ్యి వేశాడు. ఆపేంత బలం ఆ చేతిలో లేదు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఇల్లు చేరి దీపం వేశాక అతని వైపు చూసింది. చొక్కా ముందంతా తడిసి ఉంది. చనుబాల వాసన వస్తోంది.