సైరుసి షెడ్డులో ఊపిరి

“సందె వాలినాక రేవు దాటకే పిల్లా, సద్దు వినబడితే చూడకే వెనక్కి...” ఆ తరవాత ఇంకో చరణం ఉండాలి, నాకిప్పుడు రావడం లేదు. చెరకు చేలో మా పెద్దక్క పాడేది.

మా దీవిలో, లంబాసా ఊరి దగ్గర, ఆ రేవు పక్కనే సైరుసి షెడ్డు. సైరుసి అనే మెకానిక్కు అందులోనే, ఓ బండి కింద పడుకుని ఉండగానే చనిపోయాడు. అప్పట్నుంచీ చీకటి పడితే లోపల ఎవరో ఊపిరి తీస్తారని, ఆగిన బండ్లు వాటంతటవే కదులుతాయని చెప్పుకునేవారు.

మా పక్క చేను లోసానా అక్కడికి సరదాకి వెళ్ళలేదు.

ఎవరో పారేసిన నిప్పుకి ఆమె చెరకంతా అంటుకుంది. కాలిన చెరకు ఆగదు, గబగబా మిల్లుకి చేరకపోతే పులిసిపోతుంది. సరిగ్గా అప్పుడే మొగుడు వదిలిపోయిన లారీ పొగ కక్కుతూ నీరసపడింది. ఇంజను లోపలి జబ్బు తేల్చాలంటే గాలి ట్యాంకు కావాలి. ఆ చుట్టుపక్కల అది ఉన్నది సైరుసి షెడ్డులోనే.

ఆమె మేనబావ, అపకుకి అనేవాడు, పగలంతా మిల్లులో పని చేసి, పొద్దు గూకాక వచ్చాడు. ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చుని, యాంగోనా అనే మత్తు వేరు కానుకగా ముందు పెట్టి, చేతులు చరిచి, లోపలికి రానిమ్మని సైరుసిని అడిగారు.

“ఏం మరదలా, వణుకుతున్నావ్?” అన్నాడు అపకుకి గుసగుసగా.

“నీ మొహం. నీ చేతిలో టార్చి చూసుకో ముందు.”

లోసానా లారీని లోపల పెట్టాక, అతను ఇంజనులోకి డీజిలు చిమ్మే నాజిలు విప్పి, ఆ కంతలో గాలి గొట్టం బిగించి, గాలి వదిలే మర తిప్పాడు...

లారీ కదిలింది!

జానెడు ముందుకొచ్చి ఆగింది. బండి లోపల ఎవరూ లేరు. అపకుకి కిటికీలోంచి చెయ్యి పెట్టి తడిమి, నెత్తి కొట్టుకున్నాడు.

“గేరులో వదిలేశావు కదే తల్లీ! గాలి పిస్టన్ని తోస్తే బండి నడవదూ?”

నిజమే మరి. మా దిక్కున చేతి బ్రేకు పనిచేసే లారీ ఎవరికుంది? గేరులో వేసి ఆపడమే అలవాటు.

గేరు తీసి, పిస్టన్ని మళ్ళీ పైకి తెచ్చి, ఇంజను తిరక్కుండా పెద్ద స్పానరుతో అదిమి పట్టుకున్నాడు. “నేను కదల్లేను. గాలి ఎటు పోతోందో నువ్వే విను. పొగ గొట్టంలో వినబడితే వాల్వు — పైభాగం విప్పి రుద్దితే రేపటికి లేస్తుంది. నూనె పోసే మూతి దగ్గరైతే...”

“ఐతే?”

“పిస్టన్ రింగులు పోయినట్టే. ఇంజనంతా విప్పాలి. ఈ చెరకు మాట మరిచిపోవాలి.”

మర తిప్పాడు.

హా...

ఎవరో ముసలాయన ఊపిరి వదిలినట్టు — సన్నగా, ఆగకుండా. లోసానా టార్చి తీసుకుని వెనక్కి పరిగెత్తి పొగ గొట్టానికి చెవి ఆనించింది. ఏమీ లేదు. మళ్ళీ ఆనించింది. “రా... ఇందులోంచి రా...” అని గొట్టాన్ని బతిమాలింది.

షెడ్డంతా మాత్రం ఆ ఊపిరే.

“సైరుసి తాతేమో బావా... మూలన ఉన్నాడేమో...”

అపకుకి నవ్వలేదు.

లోసానా టార్చి ఆర్పేసి, చీకట్లో ఆ చప్పుడు వెంటే నడిచింది. ఇంజను దగ్గరికి వచ్చేసరికి చెంప మీది వెంట్రుకలు కదిలాయి. మూత తీసి ఉన్న నూనె మూతికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఊపిరి ఆగింది.

చెయ్యి తీసింది.

హా...

మర్నాడు చేను గట్టు మీద నా పక్కన కూర్చుని ఇదంతా చెప్పింది. గాలికి పులుపు వాసన అప్పుడే మొదలైంది. “పోనీలే, దెయ్యం కాదుగా” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. లేచి లంగా దులుపుకుంది.

“దెయ్యమైతే కాళ్ళు పట్టుకునేదాన్ని, అవ్వా.”