తలుపు కింది చెక్కముక్క

ఆ ఉదయం కూడా వీధి తలుపు ధడాలున కొట్టుకుంది. పొంగబోతున్న పాలు దించుతున్న టైలరమ్మ ఉలిక్కిపడింది, సగం పాలు పొయ్యి పాలయ్యాయి. గాలి కాస్త విసిరితే చాలు, ఇంటిమీద ఏదో పగ ఉన్నట్టు మూసుకుంటుంది ఆ తలుపు.

"దీని దుంపతెగ! మనిషిని ఒక్క గుక్క కాఫీ తాగనివ్వదు," అని తల్లి తలుపుని తిట్టింది. "ఆ చెక్కముక్క ఏమైందే? ఆకుపచ్చ గుడ్డ కుట్టి తొడిగావు చూడు, తలుపు కింద పెట్టడానికి?"

"అన్నయ్య ఎప్పుడో పట్టుకెళ్ళాడు కదమ్మా. వాళ్ళింట్లో తలుపు కూడా ఇలాగే కొట్టుకుంటోందట."

"వాడంతే. చిన్నప్పుడు నీ పలక కూడా ఇలాగే పట్టుకెళ్ళాడు. ఇప్పటిదాకా అయిపూ అజా లేదు."

టైలరమ్మ నవ్వుతూనే గదిలోకి వెళ్ళింది. లోపల భర్త చొక్కాతో కుస్తీ పడుతున్నాడు. ఇనుప రేకుల నుంచి తలుపు బందులు, గొళ్ళాలు తయారుచేసే ఫ్యాక్టరీలో అతను ప్రెస్ మిషన్ మీద పనిచేసేవాడు. పోయిన వేసవిలో ఆ ప్రెస్ కుడిచేతి మీద పడింది. బొటనవేలు ఒక్కటే మిగిలింది. అప్పటినుంచి అతని చొక్కాలన్నిటికీ ఆమె గుండీలు పీకేసి, నొక్కితే అతుక్కునే పట్టీలు కుట్టింది.

"ఇవి విప్పినప్పుడల్లా చర్రుమంటాయే. నన్నెవరో చింపుతున్నట్టుంటుంది," అన్నాడు.

"ఈ ఒక్కరోజు ఓర్చుకోండి. ఇవాళ మన మాట వింటారు," అంటూ కాలర్ సర్దింది.

ఆ రోజు కార్మిక అధికారి ముందు విచారణ. నష్టపరిహారం ఇచ్చేది లేదని కంపెనీ మొండికేసింది. లాయరమ్మ ముందే విడమరిచి చెప్పింది: "మీ ఆయనే కావాలని రక్షణ ఏర్పాటుని చెడగొట్టాడని వాళ్ళ వాదన. అది నిలబడితే మనకి చిల్లిగవ్వ రాదు. ఎవరైనా చెడగొట్టమని చెబితే చేశాడా అన్నదే ఇక్కడ ముఖ్యం." ఆ మాట అడిగిన ప్రతిసారీ భర్త నేలచూపులు చూశాడు. నొప్పి వల్ల కాబోలు అనుకుంది టైలరమ్మ.

ఇంతలో అన్నయ్య వచ్చాడు. అదే ఫ్యాక్టరీలో ప్రెస్ సెక్షన్‌కి అతనే సూపర్‌వైజర్. బావని ఆ ఉద్యోగంలో పెట్టించిందీ అతనే. ఆసుపత్రిలో పగలంతా కాపలా కాసి, భోజనం మోసి, పక్క మంచాలవాళ్ళ చేత కూడా 'బావమరిదంటే ఇలా ఉండాలి' అనిపించుకున్నాడు.

"కంపెనీ నన్ను సాక్షిగా పిలిచింది. పిలవనీ! నోరు నాది కదా," అని చెల్లెలి భుజం తట్టాడు. "నేనున్నాగా. నువ్వు గుండెమీద చెయ్యేసుకుని కూర్చో."

ఆ మాటకే ఆమె సగం గెలిచినట్టు పొంగిపోయింది.

*

విచారణ గదిలో ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి రావడం లేదు. కంపెనీ లాయరు నింపాదిగా లేచాడు.

"ఈ ప్రెస్‌కి రెండు బటన్లుంటాయండి. ఒకటి ఈ చివర, ఒకటి ఆ చివర. రెండు చేతులతో రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్ కిందికి దిగుతుంది. అంటే దిగే సమయానికి కార్మికుడి చేతులు రెండూ బటన్ల మీదే ఉంటాయి, ప్రెస్ కింద ఉండే అవకాశమే లేదు. కానీ ఈయన ఒక బటన్ లోపలికే ఉండిపోయేలా దాని సందులో ఒక ముక్క బిగించాడు. ఒక చేత్తో రేకు పెట్టడం, ఇంకో చేత్తో నొక్కడం. పని తొందరగా అవుతుందని కక్కుర్తి. ఇదిగో, ఆ ముక్క."

పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిని బల్లమీద పెట్టాడు.

టైలరమ్మ ముందు ఊరికే చూసింది. తర్వాత ముందుకి వంగి చూసింది. నల్ల చుక్కల ఆకుపచ్చ గుడ్డ. దాని అంచున నారింజ దారం. ఆ రోజు ఆకుపచ్చ దారం అయిపోతే, తలుపు కింద ఎవరు చూస్తారులే అని నారింజ దారంతో కానిచ్చేసింది తనే. తన తలుపు, తన గుడ్డ, తన కుట్టు. "అబ్బ, ఎంత గట్టిగా పట్టుకుందే, జారనే జారదు!" అని అన్నయ్య దాన్ని చేత్తో లాగి చూసి ముచ్చటపడటం కళ్ళముందు కదిలింది.

"సూపర్‌వైజర్ గారూ, ఇది ఎవరు పెట్టారు?" అధికారి అడిగాడు.

అన్నయ్య లేచి నిలబడ్డాడు. చెల్లెలి వైపు చూడలేదు. "ఆయనే పెట్టుకున్నారండి. వద్దని నేను చాలాసార్లు హెచ్చరించాను."

అధికారి ఆమె భర్త వైపు తిరిగాడు. "నిజమేనా? నువ్వే పెట్టావా?"

భర్త బల్లమీది సంచినే చూస్తూ, "అవునండి. నేనే," అన్నాడు.

నోరు తెరవబోయిన టైలరమ్మ మణికట్టుని అతని ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుంది. మాట్లాడొద్దని. ఎంత గట్టిగా అంటే గాజులు చర్మంలో దిగాయి.

"రేపు ఉదయం ముగిద్దాం," అని అధికారి లేచాడు.

*

ఇంటికొచ్చి గడప దాటగానే ఆమె చేతిసంచి విసిరికొట్టింది.

"నా ఇంట్లోది ఆ ముక్క! అన్నయ్య పట్టుకెళ్ళిన ముక్క! మీరే పెట్టానని ఎందుకు చెప్పారు?"

"అరవకు. అమ్మ వింటుంది."

"విననివ్వండి! ఆవిడ కన్న కొడుకు ఘనకార్యమేగా."

భర్త కుర్చీలో కూలబడ్డాడు. "అన్ని సెక్షన్లకన్నా మా సెక్షన్ వెనకబడిందని మేనేజరు మీ అన్నయ్యని అందరిముందూ కడిగేశాడు. ఆ మర్నాడే ఆ ముక్క తెచ్చి తనే బిగించాడు. భయంగా ఉంది బావా అన్నాను. కొన్నాళ్ళేలే, సర్దుకో అన్నాడు. సర్దుకున్నాను. చెయ్యి పోయాక ఆసుపత్రిలో కాళ్ళు పట్టుకున్నాడు. నా పేరు చెప్పకు, నువ్వే పెట్టానని చెప్పు, కంపెనీ చేత నేనిప్పిస్తాను అన్నాడు."

"ఇప్పించాడుగా, దివ్యంగా! మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నీకు పుట్టిల్లుండదు. ఉన్నది ఒక్క అన్న."

ఆమె కళ్ళలో నీళ్ళు నిప్పుల్లా మండాయి. "అడిగానా? నా పుట్టింటిని నిలబెట్టమని మిమ్మల్ని అడిగానా? పోయింది మీ చెయ్యి, దానిమీద ఇద్దరూ కలిసి ఒప్పందం రాసుకున్నారు. నేనేమో రోజూ వాడికి కాఫీలు కలిపిచ్చాను! వాడొక్కడే మోసం చేశాడనుకున్నాను. మీరూ చేశారు."

అతను మిగిలిన బొటనవేలితో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఓదార్చలేదు. చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర తల్లి నిలబడి ఉంది, అంతా విన్న మొహంతో.

"నేనూ వస్తాను పద," అంది తల్లి.

*

పొద్దు వాలుతుండగా అన్నయ్య ఇల్లు చేరారు. వదిన వరండాలో ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆమెను పలకరించకుండానే టైలరమ్మ వీధి తలుపు పట్టుకుని లాగింది. అది సగం దాకా వచ్చి గచ్చుకి పట్టేసింది.

"వదినా, ఈ తలుపు గాలికి కొట్టుకుంటుందా?"

"కొట్టుకోవడమా!" వదిన పకపకా నవ్వింది. "ఉబ్బిపోయి అసలు మూసుకుంటేగా. మీ అన్నయ్య భుజంతో గుద్దితే గానీ గడియ పడదు. ఏం, ఎందుకు?"

లోపల్నుంచి వచ్చిన అన్నయ్య ఆ మాట వినగానే ఆగిపోయాడు. చెల్లెలి మొహం చూసి ఇక నటించలేదు.

"ఏం చెయ్యమంటావే?" అన్నాడు. "నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది, నామీద కేసవుతుంది. బావకి పోయిన వేళ్ళు మళ్ళీ మొలుస్తాయా?"

"ఒరేయ్!" అంది తల్లి.

"మొలవ్వు అన్నయ్యా," అంది టైలరమ్మ. "కానీ అజాగ్రత్త మనిషి, కక్కుర్తి మనిషి అని ఆయన్ని నలుగురిలో అనిపించావు. భయంగా ఉందని నీకే చెప్పుకున్న మనిషిని! రేపు ఆ కుట్టు నాదని చెప్తాను. ఎవరు పట్టుకెళ్ళారో కూడా చెప్తాను."

"చెప్పు. నీ ముక్క ఒక్కటే ఏంటి, సెక్షన్‌లో ప్రతి ప్రెస్‌కీ ఉంది. అదే కొలతతో చేయించాను. నేనొక్కణ్ణే పాపం చేశానా? పైవాళ్ళందరికీ తెలుసు."

మడతపెడుతున్న చొక్కా వదిన చేతుల్లోంచి జారింది.

"ప్రతి ప్రెస్‌కీనా?" నెమ్మదిగా లేచింది. "ఇప్పటికీ ఉన్నాయా?"

అన్నయ్య లోపలికి తిరగబోతే ఆమె అడ్డం నిలబడింది.

"మా తమ్ముణ్ణి ఏ మిషన్ మీద వేశావు? నీ బావ చెయ్యి పోయిన మిషన్ మీదేగా! వాడిప్పుడు డ్యూటీలో ఉన్నాడు. అడుగుతున్నాను, దానికి ఆ ముక్క ఉందా లేదా?"

"కొత్తది... కొత్త ముక్క పెట్టించాను..."

వదిన అతని జేబులోంచి ఫోన్ లాగి అతని చేతిలోనే కుక్కింది. "చెయ్యి! ముందు ఫోన్ చెయ్యి!"

ఒకసారి అంకెలు తప్పాయి. రెండోసారి మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. ఆ మోగినంతసేపూ అన్నయ్య మొహంలో రంగులు మారాయి. బావ అరుపు విన్న రోజు మొహం ఇదేనేమో అనిపించింది టైలరమ్మకి.

"హలో! ప్రెస్‌లు ఆపించు," ఎట్టకేలకు అరిచాడు అతను. "అన్నీ! మా బావమరిది ఎక్కడ? చేతులు... చేతులు బాగానే ఉన్నాయా? సరే, బటన్లలో ముక్కలన్నీ పీకేయండి. మేనేజరు అడిగితే నేను చెప్పానని చెప్పు. అవును, పేరు పెట్టే చెప్పు."

ఫోన్ దించి అక్కడే మెట్టుమీద కూలబడ్డాడు. వదిన చెంగు నోటికి అడ్డుపెట్టుకుని ఏడ్చేసింది.

టైలరమ్మ మాత్రం ఏడవలేదు. "చూశావా అన్నయ్యా," అంది. "నీ బావమరిదికి ఒక్క ఫోన్ సరిపోయింది. మా ఆయనకి అది కూడా రాలేదు."

తల్లి చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

*

మర్నాడు విచారణలో ఆమె లేచి నిలబడేలోపే వెనక బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది.

"నిన్న నేను చెప్పింది అబద్ధమండి," అన్నాడు అన్నయ్య. "ఆ ముక్క మా చెల్లెలింటి తలుపుది. నేనే తెచ్చాను, నేనే బిగించాను. ఆయన భయంగా ఉందన్నాడు. నేనే వినలేదు. కంపెనీకి తెలుసు, చూసీ చూడనట్టు వదిలేసింది."

కంపెనీ లాయరు గబుక్కున మేనేజరు చెవిలో ఏదో గొణిగాడు. లాయరమ్మ మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుంది. "ఇప్పుడు నువ్వు చెప్పు," అని అధికారి అడిగితే, భర్త భార్య వైపు చూశాడు. ఆమె ఈసారి అతని చెయ్యి పట్టుకుంది, చెప్పమని. చెప్పాడు. మొదట తడబడుతూ, తర్వాత ఆగకుండా.

తీర్పు వాళ్ళకే అనుకూలంగా వచ్చింది. రక్షణ ఏర్పాటుని చెడగొట్టించింది యాజమాన్యం తరఫు మనిషే కాబట్టి పరిహారం పూర్తిగా కట్టాలని, ప్రతి ప్రెస్‌నీ తనిఖీ చేశాకే నడపాలని ఆదేశించారు. అన్నయ్య ఉద్యోగం పోయింది, అతని మీద కేసూ నమోదైంది. టైలరమ్మ భర్తతో మాట్లాడటం మొదలుపెట్టింది గానీ, అన్నయ్య పేరెత్తితే లేచి వెళ్ళిపోయేది. తల్లి రెండిళ్ళ మధ్యా తిరుగుతూ ఎవరి కబురూ ఎవరికీ చేరవెయ్యలేక చిక్కిపోయింది.

ఒక ఉదయం మిషన్ మీద కుడుతుంటే గుమ్మంలో నీడ పడింది. అన్నయ్య. లోపలికి రాలేదు, పిలుపు కోసం చూస్తున్నట్టూ లేదు. చేతిలో తలుపుకి బిగించే ఇనుప కొక్కెం, మేకులు, సుత్తి ఉన్నాయి.

"బిగించి వెళ్ళిపోతాను," అన్నాడు. "ఆ ముక్క ఇక నీకు తిరిగి రాదుగా."

ఆమె తల ఎత్తలేదు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. లోపలి గదిలో పట్టీల చర్రుమనే చప్పుడు ఆగిపోయింది. భర్త వింటున్నాడు.

అన్నయ్య ద్వారబంధం మీద ఒక చెయ్యి ఆనించి, వంగి, కొక్కెం ఎక్కడ పట్టాలో చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే వీధిలోంచి గాలి విసురుగా కొట్టింది. తలుపు కదిలింది.

"అన్నయ్యా! చెయ్యి తియ్!"

ఆ కేక తనదేనని టైలరమ్మకి కేక వేశాకే తెలిసింది. మిషన్ ముందున్న స్టూలు వెనక పడిపోయింది, ఆమె గుమ్మం దగ్గరుంది, రెండు చేతులతో తలుపుని ఆపి పట్టుకుంది. తలుపంచుకీ అతని వేళ్ళకీ మధ్య కాగితమంత సందు మిగిలింది.

అన్నయ్య చెయ్యి లాక్కుని, ఆ వేళ్ళ వైపు ఒకసారి చూసుకుని, చెల్లెలి కాళ్ళ దగ్గర చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆమె తలుపు వదల్లేదు. వదలకుండానే, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఆ తలుపుకే తల ఆనించి ఏడ్చింది.

లోపల్నుంచి వచ్చిన భర్త కిందపడ్డ కొక్కేన్ని ఎడమచేత్తో తీశాడు. ద్వారబంధానికి ఆనించి పట్టుకుని, "మేకు నువ్వు కొట్టు బావా," అన్నాడు. "చూసి కొట్టు. నా వేళ్ళు ఇక్కడున్నాయి."