‘నేను కాదు’ నొక్కండి

మంగలి వేడినీళ్లకోసం లోపలికి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. ఆలోపే కుర్చీలో మనిషి ప్రాణం పోయింది. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద నురగ ఇంకా ఆరలేదు. చెవి వెనక సూది గుచ్చిన ఎర్రచుక్క. పర్సు ఉంది, గడియారం ఉంది. ఫోన్ మాత్రం లేదు.

అప్పటికి ఉదయం తొమ్మిదికి పది నిమిషాలుంది.

మధ్యాహ్నం ఒంటిగంటకి, బట్టలుతికే షాపు వెనక గదిలో, గూఢచారి ఆఫీసు పెద్దాయన ఆ చనిపోయినవాడి ఫోటోని బల్ల మీద పెట్టాడు. ఎదురుగా కూర్చున్నామెను ఆఫీసులో దర్జీ అంటారు. ఇరవై ఏళ్లుగా ఆమె మారువేషం కుట్టుపని, అసలు పని గూఢచర్యం.

“మన రికార్డుల గుమాస్తా. ముప్పై ఇద్దరు ఏజెంట్ల ఫైళ్లు తన సొంత ఆన్‌లైన్ స్టోరేజ్‌లో పెట్టుకున్నాడు. ఫోటోలు, మారుపేర్లు, ఇళ్ల అడ్రసులు.”

“ఎందుకు సార్?”

“ఇంటి దగ్గర కూడా పని చేసుకుందామని. ఒళ్లు దాచుకునేవాడైతే ఇవాళ బతికుండేవాడు.”

పాస్‌వర్డ్ భార్య పేరు, పెళ్లయిన సంవత్సరం. ఇరవై వెబ్‌సైట్లలోనూ అదే. వాటిలో ఒక దుకాణం సైట్ నుంచి అది బయటికి పొక్కి, ‘చెదలు’ అనే విదేశీ ముఠా చేతిలో పడింది. వారం క్రితం వాళ్లు దాంతో అతని స్టోరేజ్ తెరవబోగానే కంపెనీ అడ్డుకుని గుమాస్తాని హెచ్చరించింది. అతను భయపడి పాస్‌వర్డ్ మార్చాడు. ఆఫీసులో మాత్రం నోరు విప్పలేదు.

“దాంతో ఇవాళ తొమ్మిదింటికి, అతని పేరుతో ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని అర్జీ పెట్టారు,” అన్నాడు పెద్దాయన. “కంపెనీ ఆరుగంటలు ఆగుతుంది. ఈలోపు అసలు యజమాని తన ఫోన్లో ‘నేను కాదు’ అనే బటన్ నొక్కితే అర్జీ రద్దు. నొక్కకపోతే మూడింటికి తాళం వాళ్ల చేతికే. ఆఫీసు మెయిల్‌కి కాపీ వచ్చింది, బటన్ రాలేదు.”

“కంపెనీకి చెప్పలేదా?”

“చెప్పాం. రెండు పనిదినాల్లో బదులిస్తారట.” ఆయన కళ్లు దించుకున్నాడు. “పదిహేడో ఫైలు మీ తమ్ముడిది.”

దర్జీ తమ్ముడు ఎనిమిదేళ్లుగా చెదల ఓడల కంపెనీలో లెక్కలు రాస్తూ, వాళ్ల మధ్యే తిరుగుతున్నాడు. పారిపోమని కబురు పంపడానికైనా రెండు రోజులు పడుతుంది.

మంగలిషాపు కెమెరాలో ఒక ముఖం దొరికింది. నెమలి. రెండు వైపులా జీతం తీసుకునే అందగత్తె.

నెమలి దిగిన హోటల్ నాలుగో అంతస్తులో, గౌను సరిచేయడానికి వచ్చినట్టు దర్జీ లోపలికి అడుగుపెట్టింది. భుజం మీద కొలత టేపు. గుమాస్తా ఫోన్ దగ్గర్లో ఉంటే దాని కొస వణుకుతుంది. గదంతా తిరిగినా అది వణకలేదు.

“వెతక్కు అక్కా,” అంది నెమలి, అద్దంలోంచే చూస్తూ. “స్నానాలగదిలో ముక్కలై ఉంది. లాక్ తియ్యడం వాళ్ల వల్ల కాలేదు. పగలగొట్టేస్తే చాలన్నారు.”

“ఆయన్ని చంపుతారని నీకు తెలుసా?”

“కోటు జేబులోంచి ఫోన్ తియ్యమన్నారు, తీశాను. మిగతాది తెలీదు.” ఆమె చేతిలో లిప్‌స్టిక్ వంకరపోయింది.

“ముప్పై రెండో ఫైలు నీదే. మా దగ్గర ఎప్పటినుంచి జీతం తీసుకుంటున్నావో తేదీలతో సహా ఉంది. మూడింటికి వాళ్లు చదువుతారు.”

నెమలి రంగులన్నీ ఒక్కసారి వెలిసిపోయాయి.  “అతని ఇంట్లో ఓ పాత టాబ్లెట్ ఉంది. వాళ్లావిడ వంటలు చూసుకుంటుంది. అదే అకౌంట్. కాఫీ తాగుతూ నాతో అన్నాడోసారి.”

“వాళ్లకి చెప్పావా?”

“ఇందాకే చెప్పేశాను. ఇప్పుడే ఇద్దరు బయల్దేరారు.”

దర్జీ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. టాక్సీ ఎక్కుతూనే పెద్దాయనకి ఫోన్ చేసి, గుమాస్తా ఇంటికి మనుషుల్ని పంపమంది. టాక్సీ ప్రతి కూడలిలోనూ ఆగింది. ప్రతిసారీ ఆమెకి తమ్ముడి ఒక్కో వయసు కళ్లముందు మెదిలింది.

గుమాస్తా ఇల్లు చేరేసరికి రెండూ నలభై రెండు. ముందుగదిలో చాపమీద ఇరుగుపొరుగు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మెడలో ఐడీ కార్డులతో ఇద్దరు మగవాళ్లు ఒక అట్టపెట్టె నింపుతున్నారు.

“ఆఫీసు సామాన్లమ్మా. టాబ్లెట్ లాంటిదేమైనా ఉందా?”

“వంటింట్లో ఉంది. తెస్తానుండండి,” అని గుమాస్తా భార్య లేచింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతులో జీవం లేదు.

దర్జీ ఆమె వెంటే వంటింట్లోకి దూరి, తలుపు గడియ వేసింది.

“ఎవరండీ మీరు?”

“వాళ్లు ఆఫీసువాళ్లు కాదమ్మా. మీ ఆయన్ని పొట్టనబెట్టుకున్నవాళ్లు.”

“మిమ్మల్ని మాత్రం ఎలా నమ్మను?”

ఆ ప్రశ్నకి ఇవ్వడానికి దర్జీ దగ్గర నకిలీ కార్డులు నాలుగున్నాయి. ఒక్కటీ బయటికి తియ్యలేదు. ఇరవై ఏళ్లలో ఎవరికీ చెప్పని మాట చెప్పింది. “నాకో తమ్ముడున్నాడు. అమ్మ పోయాక నేనే పెంచాను. వాడి అడ్రసు మీ ఆయన దాచిన కాగితాల్లో ఉంది. మూడింటికి అది వాళ్లకి దొరుకుతుంది. ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు.”

గుమాస్తా భార్య ఆమె ముఖంలోకి చూసింది. గూట్లోంచి టాబ్లెట్ తీసి చార్జర్ తగిలించింది. తెర నల్లగానే ఉంది.

బయటినుంచి వంటింటి తలుపు మీద భుజం పడింది. గడియ మేకు ఒకటి ఊడి కింద పడింది.

“వైరు అలా కాదు. కొద్దిగా పైకెత్తి పట్టుకోవాలి,” అని గుమాస్తా భార్య తనే పట్టుకుంది. రెండూ యాభై ఆరుకి తెర వెలిగింది. తెరుచుకుని, నెట్ అందుకునేసరికి యాభై తొమ్మిదైంది.

‘మీ అకౌంట్ తెరవమని అడిగింది మీరేనా?’

తలుపు విరిగింది. దర్జీ వేలి తొడుగులోని మత్తుసూది మొదటివాడి మెడలో దిగింది. రెండోవాడు ఆమె జుట్టు పట్టి గోడకి కొట్టాడు. “నొక్కమ్మా,” అందామె నోట్లో నెత్తురుతో.

గుమాస్తా భార్య వేలు ‘అవును’కీ ‘నేను కాదు’కీ మధ్య ఆగింది. “ఆయనింక ఎక్కడ అడుగుతారు,” అని గొణిగి, ‘నేను కాదు’ నొక్కింది.

మూడు కావడానికి ఇంకా నాలుగు సెకన్లుంది.

రెండోవాడి జేబులో ఫోన్ మోగింది. అర్జీ రద్దయిందన్న కబురు చూసుకుని, ఆమెనీ పెట్టెనీ వదిలేసి పరుగెత్తాడు. వీధి మలుపులో పెద్దాయన మనుషులు పట్టుకున్నారు. నెమలి విమానాశ్రయంలో దొరికింది.

ఇద్దరాడవాళ్లూ వంటింటి నేలమీదే కూర్చుని ఫైళ్లు ఒక్కొక్కటే చెరిపేశారు. చెరిపినవి చెత్తబుట్టలో నెలరోజులుంటాయని తెలిసి, దాన్నీ ఖాళీ చేశారు. పెళ్లి ఫోటోలు మాత్రం ముట్టుకోలేదు. పదిహేడో ఫైలు పోయినప్పుడు దర్జీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమాస్తా భార్య ఆమె వీపు నిమిరింది. నిజానికి ఓదార్పు ఎవరికి కావాలో ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం పెద్దాయన ఫోన్ చేశాడు. “రిపోర్టు రాసి పంపించు.”

“ఎందులో పంపమంటారు సార్?”



“నువ్వే నడిచొచ్చి చెప్పు,” అన్నాడు పెద్దాయన. “మెల్లగా చెప్పు. నాకు చెవులు సరిగ్గా వినపడవు, విననిది బయటికి పొక్కదు. అదొక్కటే మన అదృష్టం.”